బోర్లా పడుకున్న చిలకలు

అక్టోబరు 7

వాన! మధ్యాహ్నం మూడింటికి మొదలై గంటసేపు కురిసింది. ధర్మవరమంతా పనులు ఆపుకుని అరుగుల మీద నిలబడి చూసింది. కళ్యాణదుర్గం నుంచి పిన్ని ఫోను. "కందిచేన్లో నీళ్ళు నిలిచినాయే పద్మా!" ఏడుస్తోందో నవ్వుతోందో అర్థం కాలేదు. నాకూ సంతోషమే. ఈ నేల మీద పుట్టి వానను చూసి మొహం ముడుచుకునేవాళ్ళు ఎవరుంటారు...

నాలుగింటికి ఒకటే ఉరుము. కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయింది. షాపులో కంప్యూటర్ వెనక నుంచి కాలిన వాసన. నేతవాళ్ళకు నేను చేసిచ్చే చీరల డిజైన్లన్నీ దాంట్లోనే ఉన్నాయి.

సంతోషం అంతటితో సరి.

అక్టోబరు 8

పొద్దున్నే ఖాదర్ వచ్చాడు. మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే ఖాదర్. పెట్టె విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. డాక్టర్లు కూడా అంత నింపాదిగా చూడరు.

"బోర్డు పోయినాదక్కా. డిస్కు బతికుండాది. నీ ఫైళ్ళు యాడికీ పోలేదు."

హమ్మయ్య అనుకునేలోపు వెనక నుంచి డాంగిల్ పీకి చూపించాడు. బొటనవేలంత ఉండే తాళం. అది గుచ్చి ఉంటేనే డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. నల్లగా మాడిపోయింది. అంటే పద్దెనిమిదేళ్ళ డిజైన్లు డిస్కులో భద్రంగా ఉన్నాయి, చూడటానికి మాత్రం లేదు.

ఇంకా ఆ పెట్టె మూయకముందే చీరలు నేసే నాగమ్మ వచ్చింది. చీర కుచ్చిళ్ళకు మోకాళ్ళ దాకా బురద.

"పద్మక్కా, గుంతలోకి నీళ్ళొచ్చినాయి. అట్టలు తడిసినాయి."

గుంటమగ్గం వాళ్ళకు వానంటే ఇదే. కాళ్ళు పెట్టుకునే గుంత నిండుతుంది, పైన కప్పు కారుతుంది. మగ్గం పైనుండే జాకార్డు నుంచి తెగిపడ్డ అట్టల దండ రాత్రంతా నీళ్ళలో ఉందట. అంచులో జంట చిలకలు. నూట అరవై అట్టలు. ఆ చిల్లుల ప్రకారమే మగ్గం చిలకలు నేస్తుంది. పడుగు మగ్గం మీదే ఉంది, చీర సగంలో ఉంది.

"కంప్యూటర్‌లో ఉంటాయి గదక్కా, మల్ల కొట్టియ్యి."

ఖాదర్ నా మొహం చూశాడు. నేను డాంగిల్ చూశాను.

అక్టోబరు 9

షావుకారు మాట నాగమ్మ చెప్పిపోయింది. "దీపావళి దాకా చూస్తా. ఆలోపల మగ్గం ఆడకుంటే పడుగు కోసుకొని పోతా." పడుగు ఆయనదే, పట్టు ఆయనదే. పడుగు పోతే నాగమ్మకు మళ్ళీ ఎప్పుడు ఇస్తాడో. ఇంకెవరైనా ఇస్తారో లేదో. పనిని సగంలో వదిలిన మగ్గమన్న పేరు వస్తే అంత తేలిగ్గా పోదు.

పదకొండు రోజులు.

బెంగళూరుకు ఫోను చేశాను, సాఫ్ట్‌వేర్ కంపెనీకి. మర్యాదస్తుడే, తెలుగువాడే. పాత వెర్షన్‌కు డాంగిళ్ళు ఇవ్వడం ఎప్పుడో మానేశారట. కొత్తది కొనడం కాదు, ఏడాదికోసారి అద్దె. అది కొత్త విండోస్ మీదే నడుస్తుంది, కొత్త విండోస్‌కు కొత్త మిషన్ కావాలి. పాత ఫైళ్ళు కొత్తదాంట్లోకి మార్చడం వేరే పని, నెల పడుతుంది.

ఖాదర్ పక్క నుంచి సైగ చేస్తున్నాడు. లైనక్స్ అడుగు, లైనక్స్ అడుగు. విండోస్‌కు బదులు ఊరికే దొరికేదట.

అడిగాను.

"లైనక్స్‌కు మేము చెయ్యలేదు మేడమ్. ఎవరూ అడగరు."

"నేను అడుగుతున్నాను కదా."

నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. అదే ఎక్కువ కోపం తెప్పించింది.

అక్టోబరు 10

ఈ మాట ఎక్కడో ఒకచోట రాసుకోవాలి కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నా.

జంట చిలకల అంచు నాయన గీసింది. నేను పుట్టకముందు. గ్రాఫు కాగితం మీద, పెన్సిల్‌తో, గడి గడికీ చుక్క పెట్టి. నాయన గీసిన గ్రాఫులు రెండు ట్రంకుపెట్టెల నిండా ఉండేవి. కంప్యూటర్ కొన్న ఏడాది నేను ఒక్కొక్కటే చూసి లోపలికి ఎక్కించి, ఆ కాగితాలన్నీ పాత పేపర్లవాడికి వేసేశాను. "ఇంక ఇవెందుకు నాయనా, చోటు దండగ" అన్నాను. తక్కెడలో తూచి తీసుకెళ్ళాడు. నాయన అరుగు మీద కూర్చుని చూశాడు. ఏమీ అనలేదు.

ఇప్పుడూ ఏమీ అనడం లేదు. అదే కష్టంగా ఉంది.

అక్టోబరు 11

ఖాదర్ ఒక పాత మిషన్ తెచ్చి పెట్టాడు. లోపల లైనక్స్. "కొనే పని లేదు, తాళం లేదు, ఎన్ని మిషన్లలో ఎక్కించుకున్నా అడిగేవాడు లేడు" అని ఏడెనిమిది సార్లు చెప్పాడు. కొత్త అల్లుడి గుణగణాలు చెప్పే మామలా ఉన్నాడు.

సరే, చూశాను. చకచకా తెరుచుకుంటోంది. తెలుగు బాగా వస్తోంది. ప్రింటర్ మొదట మొరాయించింది, ఖాదర్ ఏదో చేశాక దారికొచ్చింది. బొమ్మలు వేసే ప్రోగ్రాం ఉంది. మగ్గం డిజైన్లకే పనికొచ్చేది మాత్రం లేదు. నేతకు సంబంధించినవి ఒకటి రెండు కనిపించాయి కానీ అవి వేరే రకం మగ్గాలకు. మా జాకార్డు వాటికి తెలియదు.

తర్వాత ఖాదర్ అసలు ప్రయత్నం మొదలుపెట్టాడు. విండోస్ ప్రోగ్రాములను ఇది కూడా విండోసే అని నమ్మించి లైనక్స్‌లో నడిపే ఉపాయం ఒకటుందట. నా పాత సాఫ్ట్‌వేర్‌ను దాంతో నడిపించాడు. తెరుచుకుంది! ఆ నీలం తెర, ఆ మూలన పువ్వు గుర్తు... వెంటనే చిన్న పెట్టె వచ్చింది. డాంగిల్ కనబడలేదు. ఓకే.

ఓకే నొక్కాను. మూసుకుపోయింది.

"నమ్మింది గానీ తాళం అడిగిందక్కా" అన్నాడు ఖాదర్. సిగ్గుపడ్డాడు, తనే మోసం చేసినట్టు.

అక్టోబరు 12

ఆదివారం. షాపు మూసి కూర్చున్నా, కోపం మాత్రం పోలేదు.

ఎవరూ అడగరు కాబట్టి చెయ్యరు. చెయ్యరు కాబట్టి ఎవరూ లైనక్స్‌కు రారు, రారు కాబట్టి ఎవరూ అడగరు. యాడికి టౌనుకు అవతల మా అమ్మ ఊరికి బస్సు సంగతి ఇట్లాగే ఉండేది. జనం ఎక్కడం లేదని బస్సు తీసేశారు. బస్సు లేదని జనం నడక నేర్చుకున్నారు. అధికారి వచ్చి చూసి, ఇక్కడ అందరూ నడిచేవాళ్ళే, బస్సెందుకు అన్నాడు. అమ్మ ఈ కథ చెప్పి ప్రతిసారీ చేతిలో ఉన్నది విసిరేసినంత పని చేసేది.

అట్లాగని ఆ కంపెనీని తిట్టను. పద్దెనిమిదేళ్ళు నాకు అన్నం పెట్టిన సాఫ్ట్‌వేర్ అది. రాసినవాడూ తినాలి కదా. కానీ నా ఫైళ్ళు నావి. తాళం వాళ్ళు పెట్టుకోనీ, లోపల ఉన్న చిలకలు మా నాయనవి.

ఆ ఊరికి చివరికి వచ్చింది బస్సు కాదు, షేరాటో. ఎవరో ఒకాయన ధైర్యం చేసి నడిపాడు.

అక్టోబరు 13

నాగమ్మ ఇంటి మిద్దె మీద అట్టలు ఆరబెట్టింది. నేనూ వెళ్ళాను. వరసలు వరసలుగా, ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద గులకరాయి. ఉబ్బిపోయాయి, వంకర తిరిగాయి. మగ్గానికి ఎక్కించే రకం కాదు. అడుగున ఉన్న ఇరవై ఆరు అయితే ముద్దయిపోయాయి, పట్టుకుంటే చేతికి అంటుకుంటున్నాయి. నాగమ్మ ఆ ముద్దను కూడా పారేయకుండా పళ్ళెంలో పెట్టింది.

ఒక అట్ట ఎత్తి ఎండకు అడ్డం పెట్టి చూశాను. ఊరికే. చిల్లుల్లోంచి ఎండ నా మొహం మీద చుక్కలు చుక్కలుగా పడింది.

చిల్లు ఉంది, చిల్లు లేదు. అంతే కదా అట్టంటే! దీన్ని చదవడానికి డాంగిల్ అడిగేవాడెవడు?

మెట్లు ఎట్లా దిగానో తెలియదు. ఖాదర్ షాపుకు నేరుగా.

"ఖాదర్, ఫోటోలో యాడ వెలుతురుండాదో యాడ లేదో చెప్పే ప్రోగ్రాం రాయగలవా?"

టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏలక్కా... ఓహో. ఓహో!"

అక్టోబరు 14

నూట ముప్పై నాలుగు అట్టలు. కిటికీ అద్దానికి ఒక్కోటి ఆనించడం, ఫోనుతో ఫోటో, పక్కన పెట్టడం. నాయన నంబర్లు చదువుతున్నాడు. వరస తప్పితే చిలక కాళ్ళు నెత్తి మీదికి వస్తాయి.

మెడ పట్టేసింది. రేపు రాస్తా.

అక్టోబరు 15

వచ్చాయి!

ఒక్కో అట్టకు ఒక్కో వరస. ఖాదర్ ప్రోగ్రాం వరసల్ని కింది నుంచి పైకి పేరుస్తుంది. మొదట కొమ్మ. తర్వాత ఆకులు. తర్వాత నాలుగు కాళ్ళు, వంపు తిరిగిన తోకలు, పొట్టలు, రెక్కలు... నాయన నా కుర్చీ వెనక నిలబడ్డాడు. రెక్క మీద మూడు ఈకలు విడివిడిగా కనబడగానే "మూడో ఈక కాడ రెండు గడులు ఎక్కువ పెట్టినా ఆ పొద్దు. మీయమ్మ పిలిచింది, లెక్క తప్పినా" అన్నాడు. నిజమే, రెండు గడులు ఎక్కువే ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ఎన్ని వేల చీరల మీదో ఆ తప్పు అట్లాగే ఉండిపోయింది. ఆయన నవ్వాడు. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

మెడ దాకా వచ్చి ఆగిపోయాయి చిలకలు. తలలు ఆ ముద్దలో పోయాయి.

అమ్ముడుపోయిన చీరలు పోగా, తలలు మా చేతికందేది ఇప్పుడు ఒక్కచోటే. నాగమ్మ మగ్గం మీద నేసిన సగం చీరలో.

అక్టోబరు 16

పొద్దున్నుంచి నాగమ్మ ఇంట్లో. గుంత తోడేశారు, ఇంకా తడి వాసన. మగ్గం ముందు పలక మీద వంగి, నేసిన బట్ట మీద భూతద్దం పెట్టి, పోగు పోగు లెక్కపెట్టి, జరీ కనబడిన చోటల్లా గ్రాఫు కాగితం మీద చుక్క. గ్రాఫు కాగితం కొనడానికి మూడు కొట్లు తిరిగాను, చివరికి ఇంజనీరింగ్ పిల్లల పుస్తకాల షాపులో దొరికింది. అమ్మేసినదాన్నే మళ్ళీ కొనుక్కున్నాను.

ఇరవై ఆరు వరసలు. సాయంత్రం అయ్యేసరికి నడుము లేవలేదు.

నాగమ్మ రాగిముద్ద పెట్టింది, ఉలవచారు. "తిను. తల వస్తాది గానీ నువ్వు పడిపోతావు."

అక్టోబరు 17

అట్టలకు చిల్లులు కొట్టే పంచింగ్ మిషన్ దగ్గర రోజంతా. కాలితో తొక్కడం, వేళ్ళతో మీటలు. చిలకల ఒళ్ళు వరకు కంప్యూటర్ నుంచి ప్రింటు తీసి కొట్టాను. తలలు నిన్నటి కాగితం చూసి నేరుగా కొట్టేశాను. మళ్ళీ కంప్యూటర్‌లో ఎక్కించే ఓపిక లేదు, మూడు రోజులే ఉన్నాయి.

నూట అరవై. నాగమ్మ, నేను కూర్చుని దారంతో కుట్టాం. నాకు గర్వంగా ఉంది. రాసుకుంటే తప్పేముంది?

అక్టోబరు 18

తప్పు జరిగింది. పెద్ద తప్పు.

పొద్దున అట్టలు ఎక్కించాం. నాగమ్మ నాలుగు వేళ్ళంత నేసింది. పైనుంచి చూస్తే నాకేమీ తెలియలేదు. నాగమ్మ పలక కింద చెయ్యి పెట్టి, చిన్న అద్దం తీసి, బట్ట కిందికి పట్టి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"పద్మక్కా. మెడ దాకా బాగుండాది. తల తిరగబడిపోయినాదే."

నేనూ వంగాను. అద్దంలో చిలకల ఒళ్ళు జరీతో మెరుస్తోంది. మెడ దగ్గర నుంచి అంతా మారిపోయింది. తల ఉండాల్సిన చోట ఉత్త పట్టు, చుట్టూ ఉత్తగా ఉండాల్సిన చోటంతా జరీ. కన్ను ఒక్కటే బంగారు చుక్క. బంగారు గోడలో తల దూర్చిన చిలకల్లా ఉన్నాయి.

నాగమ్మ వేసిన పేక ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. ఆ విప్పుతున్న చేతులు చూస్తూ కూర్చోవడం కంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"మగ్గం మీద బట్ట బోర్లా పడుకొనుంటాది పద్మా. నువ్వు చూసింది దాని వీపు. వీపు మీద జరీ ఉండాదంటే మొగం మీద లేదని."

ఇంతేనా! ఇంత చిన్న సంగతి నాకు తెలియదా? పద్దెనిమిదేళ్ళు ఇదే పని చేస్తున్నదాన్ని! కానీ నేనెప్పుడూ మగ్గం మీది బట్ట చూసి గీయలేదు. కాగితం, తెర, ప్రింటు. పంచింగ్‌కు ముందు ఆ సాఫ్ట్‌వేరే ఒక పెట్టెలో అడిగేది, మగ్గం వైపా, బయటి వైపా అని. ముందే టిక్కు పెట్టి ఉండేది. నేను ఓకే నొక్కేదాన్ని. ఎందుకు అడుగుతోందని ఒక్కరోజైనా అనుకోలేదు. అది నా బదులు ఆలోచించింది, పోతూ పోతూ ఆ తెలివిని కూడా తీసుకుపోయింది.

నాయన లేచి చొక్కా జేబులోంచి ఏదో తీసి నా చేతిలో పెట్టాడు. అరచేతిలో సగం ఉండే అద్దం, అంచులు అరిగిపోయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను ఆ అద్దాన్ని. మా నాయనకు తల దువ్వుకోవడం మీద అంత మోజు అనుకునేదాన్ని. స్కూల్లో చెప్పి నవ్వేవాళ్ళం కూడా.

"అద్దం లేకుండా మగ్గం కాడికి పోయినావంటే నీ కతే నాది. మొదటేడు నేనూ చేసినా."

"ఎవరు తిట్టినారు నాయనా అప్పుడు?"

"ఎవురూ తిట్లేదు. విప్పుకున్నారు."

అక్టోబరు 19

తలల గ్రాఫు తిరగేశాను. చుక్క ఉన్న గడి ఖాళీ, ఖాళీ గడికి చుక్క. ఈసారి కంప్యూటర్‌లో ఎక్కించి ఒళ్ళుతో కలిపి చూశాను. తెర మీద రెండు చిలకలు, ముక్కూ ముక్కూ ఆనించుకుని. మొన్ననే ఈ పని చేసి ఉంటే అప్పుడే తెలిసేది. తొందరకు బుద్ధి చెప్పాలి.

ఇరవై ఆరు అట్టలు మళ్ళీ కొట్టాను. పాతవి విప్పి కొత్తవి కుట్టాను. నాగమ్మ ఎక్కించింది. వేలెడంత నేసి అద్దం పట్టబోయింది, కరెంటు పోయింది. రేపే.

అక్టోబరు 20

దీపావళి.

పదింటికి షావుకారు వచ్చాడు. తెల్ల బట్టలు, చెప్పులు గుమ్మం దగ్గర వదిలి. ఆయనతో పాటు పడుగు కోసుకెళ్ళే మనిషి కూడా, సంచితో. ఆ సంచి చూడగానే నాగమ్మ మొహం పాలిపోయింది.

"ఏమమ్మా, ఆడతాండాదా?"

నాగమ్మ గుంతలో దిగింది. తొక్కింది. జాకార్డు టకటకమంది, అట్ట తిరిగింది, ఇంకో అట్ట తిరిగింది. నిన్న నేసిన దాని మీద ఇంకో రెండు వేళ్ళు. నేను నాయన అద్దాన్ని గట్టిగా పట్టుకుని నిలబడ్డాను, అంచు అరచేతిలో గుచ్చుకుంటోంది.

"నాకియ్యి" అన్నాడు షావుకారు. అంత లావు మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, పలక కిందికి అద్దం పట్టి, తల వంచి చూశాడు. ఎంతసేపు... అద్దాన్ని మెల్లగా ఎడమకు జరిపాడు. కుడికి జరిపాడు. పాత సగం, కొత్త సగం కలిసిన చోట ఆపాడు.

"ఇది మీ నాయన చిలక గదా. మూడో ఈక కాడ తప్పుండల్ల."

"ఉండాది" అన్నాను.

లేచాడు, మోకాళ్ళు దులుపుకున్నాడు. వెంట వచ్చిన మనిషితో "పోదాం పా" అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి నాగమ్మతో, "కానీయ్. ఈసారి అట్టలు పైన కట్టుకో."

అంతే. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం. తర్వాత నాగమ్మ గుంతలోంచే నా చెయ్యి పట్టుకుని ఊపింది. గట్టిగా నవ్వింది. ఆ ఇంట్లో అన్ని రోజుల తర్వాత మొదటిసారి.

సాయంత్రం ఖాదర్‌కు కజ్జికాయలు. వాడు తింటూ "నా ప్రోగ్రాం నలభై లైన్లే అక్కా" అన్నాడు, నలభై సార్లు.

అక్టోబరు 21

నిద్రపోయాను. అంతే రాయాలి ఈ రోజుకు.

అక్టోబరు 24

మాట పాకిపోయింది. పొద్దున గుమ్మం తెరిచేసరికి అరుగు మీద ముగ్గురు, ఒక్కొక్కరి చంకలో అట్టల కట్ట. ఒకాయన తెచ్చిన కట్టకు గుడ్డ చుట్టి పసుపు రాసి ఉంది. అటక మీద నుంచి దించాడట, వాళ్ళ తాత నాటిది.

ఇక్కడ అట్టలు ఒకరివి ఒకరు ముట్టుకోనివ్వరు. డిజైన్ కొట్టేస్తారని భయం. అన్నదమ్ములే ఇచ్చుకోరు. అట్లాంటిది నా చేతిలో పెట్టి, "ఎవురికీ ఇయ్యొద్దు. మా పేరు రాసిపెట్టు" అంటున్నారు. రాస్తానని చెప్పాను. ఎవరి అట్టలు ఎక్కిస్తే వాళ్ళ పేరుతో ఫోల్డరు, ఒక కాపీ వాళ్ళ ఫోనులోకే. నేను పోయినా, నా మిషన్ కాలిపోయినా మామూలు బొమ్మలాగా ఎవరి దగ్గరైనా తెరుచుకుంటుంది. ఇది మాత్రం పట్టుబట్టి చేయిస్తాను.

వెనక వీధిలో సుబ్బరాయుడన్నకూ డిజైన్ షాపే. నన్ను చూస్తే మొహం తిప్పుకునే మనిషి. పక్క నుంచి పోతూ ఆగాడు. "ఆ ప్రోగ్రాం... నా కంప్యూటర్‌లో కూడా నడుస్తాదా?"

"నడుస్తాదన్నా. దుడ్లు కూడా అక్కర్లేదు. ఖాదర్‌కు టీ తాపించు."

అక్టోబరు 27

బెంగళూరు నుంచి ఫోను! ఆ మర్యాదస్తుడే. పాత ఫైళ్ళ పని ఏమైందని అడగడానికట. చెప్పాను. అట్టలను ఫోటో తీసి చదివామన్నది నమ్మలేదు మొదట. తర్వాత ఖాదర్ నంబర్ అడిగాడు. ఇచ్చాను.

చివర్లో, మామూలుగా అడిగినట్టు, "మీ ఊళ్ళో ఎంతమంది వాడుతున్నారు మేడమ్, లైనక్స్?"

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. నేను. సుబ్బరాయుడన్న, నిన్నటి నుంచి. ఖాదర్. పుట్టపర్తిలో ఖాదర్ స్నేహితుడు ఉన్నాడు కానీ అది వేరే ఊరు.

"ముగ్గురం" అన్నాను.

నవ్వుతాడనుకున్నా. రాసుకుంటున్నట్టుంది, పెన్ను చప్పుడు వినబడింది. "మా సార్లతో అంటాను. ఏమంటారో చెప్పలేను." చెప్పలేనన్నాడు, చెయ్యం అని మాత్రం అనలేదు. అధికారి ఊరికి వచ్చి చూసిపోయిన రోజున అమ్మకు కూడా ఇంత ఆశ కలిగే ఉంటుంది. చూద్దాం. ఈలోగా షేరాటో ఉంది.

అక్టోబరు 30

మబ్బు పట్టింది మళ్ళీ. నాగమ్మ అట్టలు పైకి ఎత్తి కట్టింది, గుంత చుట్టూ మట్టి గట్టు పోసింది. చీర ఇంకా మూడు రోజుల పని.

ఈ రోజు రాయాల్సింది వేరే ఉంది.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి నాయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. ఖాదర్ తెచ్చిన రెండో పాత మిషన్ అది. పాత సాఫ్ట్‌వేర్ రోజుల్లో ఒకటే డాంగిల్, ఒకటే కుర్చీ, దాంట్లో నేను. నాయనను పక్కన కూడా కూర్చోనిచ్చేదాన్ని కాదు. ఆయన చేతులు వణకడం మొదలై ఆరేళ్ళయింది. టీ గ్లాసు సగమే నింపి ఇస్తాం. పెన్సిల్ పట్టడం అప్పుడే మానేశాడు. పట్టినా చుక్క గడిలో పడేది కాదు, గీతలైపోయేవి.

మౌస్ పట్టుకున్నాడు. చెయ్యి వణుకుతోంది, బాణం గుర్తు తెర మీద దోమలా తిరుగుతోంది. నొక్కాడు. గడి నిండింది. నిండుగా, నాలుగు మూలలా. చెయ్యి ఎంత వణికినా గడి గడే. పక్క గడిలో పడితే వెనక్కి తీసుకునే మీట చూపించాను. దాన్ని ఒకసారి నొక్కి చూసి, ఇంకోసారి నొక్కి చూసి, నా వైపు తిరిగాడు.

"తుడిపితే మరక కూడా లేదే!"

గుమ్మానికి ఆనుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆరేళ్ళు. ఇంట్లోనే ఉంది కంప్యూటర్. నాకు తట్టలేదు. ఇంతకంటే సిగ్గు ఇంకేముంటుంది... కానీ ఈ రోజు సిగ్గు కంటే సంతోషమే ఎక్కువ. అదే రాస్తున్నా.

సాయంత్రానికి కొమ్మ, కాళ్ళు, తోక. కొత్త పిట్ట. ఏ పిట్టో నాకు తెలియదు, అడిగితే చెప్పలేదు. నాగమ్మ వచ్చి చూసి, "నా వచ్చే పడుగుకు ఇదే ఎయ్యమంటా షావుకారిని, ఒప్పుకుంటే" అంది. నాయన తల ఎత్తలేదు. మూడో ఈక దగ్గర గడులు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

దీపం పెట్టే వేళకు లేపాను. లేచి, మళ్ళీ వంగి తెర చూశాడు.

"దీన్ని ఇట్లే ఇడిసిపెట్టి పోతే రేపు తెరుచుకుంటాదా? తాళమేమన్నా అడుగుతాదా?"

"అడగదు నాయనా."

"మల్ల ఎవురన్నా తూకానికేస్తే?"

నా వైపు చూడకుండా అన్నాడు. పద్దెనిమిదేళ్ళకు. కోపంగా కూడా అనలేదు.

"ఎయ్యను" అన్నాను. ఆయనకు వినబడిందో లేదో, బల్ల మీద నేను పెట్టిన అద్దం జేబులో వేసుకుని లోపలికి వెళ్ళాడు.

తెర ఆర్పలేదు నేను. పిట్టకు ఇంకా తల లేదు. బయట చినుకులు మొదలయ్యాయి.